సిమ్యులేటర్‌లో 18 డీబీ, బోర్డు మీద బూడిద

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: సిమ్యులేషన్‌లో బ్రహ్మాండంగా వచ్చింది, కట్టి చూస్తే రాలేదు. ఒకాయనకి మాత్రం సరిగ్గా తిరగబడింది, బోర్డు చక్కగా పనిచేస్తోంది, సిమ్యులేషనే మొరాయిస్తోంది. అందుకని ఇన్వర్టర్లు, బ్యాటరీల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి తోసేసి ఇవే పట్టుకున్నాను. పొడుగు ఉత్తరాలు కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, మాది కొండల మధ్య ఊరు, ఎఫ్‌ఎం సరిగా అందదు. బీసీ547 ట్రాన్సిస్టర్‌తో ఒక యాంటెనా బూస్టర్ ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేటర్‌లో గీశాను. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 18 డీబీ గెయిన్ చూపించింది. బ్రెడ్‌బోర్డ్ మీద అదే సర్క్యూట్, అవే విలువలు. కలెక్టర్ కరెంట్ 5 మిల్లీయాంప్, అది కూడా సరిగ్గానే ఉంది. కానీ బూస్టర్ పెట్టాక రేడియో ముందుకన్నా అధ్వానంగా ఉంది. ఒక్కోసారి చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే బ్యాండ్ మొత్తం మూగబోతోంది. నెట్‌లో దొరికిన ట్రాన్సిస్టర్ మోడల్ తప్పా?
(ఈసీఈ మూడో ఏడాది విద్యార్థి, విజయనగరం జిల్లా)

జవాబు: మోడల్‌లో ఒక తప్పు ఉండే ఉంటుంది, దాని సంగతి కాసేపాగి చెప్తాను. మీ 18 డీబీని ముందు మింగింది మాత్రం మీరు గీయని సామాను.

ఎమిటర్ దగ్గర మొదలుపెడదాం. 5 మిల్లీయాంప్ దగ్గర ట్రాన్సిస్టర్ లోపలి ఎమిటర్ నిరోధం ఎంత? 26 మిల్లీవోల్ట్‌ని 5 మిల్లీయాంప్‌తో భాగిస్తే 5.2 ఓమ్‌లు. మీ గెయిన్ అంతా ఈ చిన్న అంకె మీద నిలబడి ఉంది. ఇప్పుడు బ్రెడ్‌బోర్డ్ మీద ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి కరెంట్ వెళ్లే దారి చూడండి. ట్రాన్సిస్టర్ కాలు, లోపలున్న క్లిప్పు, బైపాస్ కెపాసిటర్ ఒక కాలు, రెండో కాలు, మళ్లీ క్లిప్పు, గ్రౌండ్ పట్టీ. తీగకి మిల్లీమీటర్‌కి సుమారు 1 నానోహెన్రీ అని లెక్కేసుకుంటాం మేము. ఎంత పొదుపుగా చూసినా ఆ దారి 20 మిల్లీమీటర్లు తేలుతుంది, అంటే 20 నానోహెన్రీలు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్, అంటే ఏసీకి అది పెట్టే అడ్డు, 12.6 ఓమ్‌లు. 5.2 ఓమ్‌లు ఉండాల్సిన చోట రెండూ కలిసి 13.6 అయ్యాయి. ఇంకేం, ఒక్క ఎమిటర్ దగ్గరే సుమారు 8 డీబీ గాలికి పోయింది. స్క్రీన్ మీద మాత్రం ఆ గీత పొడవు సున్నా.

ఆ బైపాస్ కెపాసిటర్ మీద 104 అని రాసి ఉందా? అంటే 100 నానోఫారడ్‌లు. కాళ్లతో కలిపి దానికి 10 నానోహెన్రీలు అంటగడితే 5 మెగాహెర్ట్జ్ దగ్గరే రెసొనెన్స్ వచ్చేస్తుంది. అక్కడి నుంచి పైకి అది కెపాసిటర్ వేషంలో ఉన్న ఇండక్టర్. ఎంత పెద్ద విలువ పెడితే అంత గట్టిగా గ్రౌండ్ అవుతుందని కుర్రాళ్లు అనుకుంటారు (నేనూ అనుకునేవాణ్ణి), 100 మెగాహెర్ట్జ్ దగ్గర దాని మీద రాసిన అంకెకన్నా కాళ్ల పొడవే ముఖ్యం.

ఇక మూగబోవడం. బీసీ547 చదును ముఖం మీ వైపు తిప్పి పట్టుకుంటే కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. కలెక్టర్, బేస్ పక్కపక్కనే. వాటిని బ్రెడ్‌బోర్డ్‌లో గుచ్చితే రెండు పక్క వరసల్లోకి వెళ్తాయి, ఆ వరసల్లోని లోహపు పట్టీలు ఎదురెదురుగా నిలబడి 2 నుంచి 5 పికోఫారడ్‌ల కెపాసిటర్ అవుతాయి. ట్రాన్సిస్టర్ లోపలి కలెక్టర్-బేస్ కెపాసిటెన్స్ కూడా దాదాపు అంతే. అంటే గెయిన్‌ని వెనక్కి లాగే, ఆసిలేషన్‌కి దారితీసే ఆ ఒక్క కెపాసిటెన్స్‌ని మీరు తెలియకుండా రెట్టింపు చేశారు. కలెక్టర్‌లో కాయిల్ ఉంది కాబట్టి, అది ట్యూన్ అయిన చోటికి కాస్త కింద ఫీడ్‌బ్యాక్ పాజిటివ్ అయి సర్క్యూట్ తనంతట తాను పాడడం మొదలెడుతుంది. ఆ పాట మీ రేడియో ఫ్రంట్ ఎండ్‌ని ముంచేస్తుంది, దాంతో స్టేషన్లన్నీ మాయం. చెయ్యి పెడితే మారుతోందంటే ఆసిలేషనే, నాకు అనుమానం లేదు. అలా ఉన్నప్పుడు దాన్ని యాంటెనాకి కలిపి ఉంచకండి. అప్పుడది బూస్టర్ కాదు, లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్.

పాత టీవీ, రేడియోల కోసం చేసిన బీఎఫ్199, బీఎఫ్494 లాంటివి చూడండి, ఎమిటర్ మధ్య కాలు. ఊరికే అలా పెట్టలేదు. గ్రౌండ్‌కి కట్టిన ఎమిటర్ మధ్యలో నిలబడి కలెక్టర్‌కీ బేస్‌కీ అడ్డుగోడ అవుతుంది. బీఎఫ్199లో ఆ ఫీడ్‌బ్యాక్ కెపాసిటెన్స్ 1 పికోఫారడ్ లోపే.

ఇప్పుడు మోడల్ సంగతి. ఆ మోడల్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఆర్‌బీ అని ఒక పారామీటర్ ఉంటుంది, బేస్ నిరోధం. ప్రచారంలో ఉన్న బీసీ547 మోడళ్లలో అది 1 ఓం అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఇంత చిన్న ట్రాన్సిస్టర్‌కి అది పదుల ఓమ్‌లలో ఉండాలి. మోడల్ తయారు చేసినవాళ్లు మోసం చేశారని కాదు. ఆడియోలో, స్విచింగ్‌లో ఆర్‌బీ 1 అయినా 50 అయినా ఫలితంలో తేడా తెలియదు, కాబట్టి దాన్ని కొలిచే శ్రమ పడలేదు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంట్ గెయిన్ 3కి పడిపోయి, బేస్‌లోకి దండిగా కరెంట్ పోతున్నప్పుడు ఆ నిరోధమే పవర్ గెయిన్‌ని తేల్చేది.

ఇలా చేయండి. అదే సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ మూడు కాళ్లకీ తలా 8 నానోహెన్రీలు, ఎమిటర్ కెపాసిటర్‌కి వరసలో 12 నానోహెన్రీలు, కలెక్టర్-బేస్ మధ్య 3 పికోఫారడ్‌లు పెట్టి, ఆర్‌బీని 50 చేసి మళ్లీ రన్ చేయండి. అప్పుడు కూడా 18 డీబీ కనబడితే నాకు ఇంకో ఉత్తరం రాయండి. తర్వాత బ్రెడ్‌బోర్డ్ పక్కన పెట్టి, ఒక కాపర్ క్లాడ్ ముక్క తీసుకుని, రాగి మొత్తాన్ని గ్రౌండ్ చేసి, కాళ్లు మూడు నాలుగు మిల్లీమీటర్లకి కత్తిరించి గాల్లోనే సోల్డర్ చేయండి. చూడ్డానికి చచ్చిన పురుగులా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది. అన్నట్టు, వీటన్నిటికన్నా ముందు యాంటెనాని ఇంకో రెండు మీటర్లు పైకెత్తి చూడండి. అందని సిగ్నల్‌ని ఏ బూస్టరూ పెంచలేదు.

ప్రశ్న: ఎల్‌టీస్పైస్ లాంటి సిమ్యులేటర్లకి మూలమైన స్పైస్‌ని ప్రపంచమంతా నమ్ముతోంది కదా. అలాంటప్పుడు హై ఫ్రీక్వెన్సీకి వచ్చేసరికి ఎందుకు తడబడుతుంది? డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ అయితే ఈ బాధ తప్పుతుందా?
(పాలిటెక్నిక్ లెక్చరర్, నల్గొండ)

జవాబు: స్పైస్ పేరులోనే జవాబుంది మాస్టారూ. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో డొనాల్డ్ పెడర్సన్ దగ్గర లారెన్స్ నేగెల్ రాసిన ప్రోగ్రామ్, 1973లో బయటికి వచ్చింది. ఆ పేరులో చివరి మూడు మాటలు (ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ ఎంఫసిస్) ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ల మీద ప్రత్యేక దృష్టి అని చెబుతాయి. వాళ్ల సర్క్యూట్ మొత్తం గోటి మీద పట్టే సిలికాన్ ముక్క. అక్కడ ఆ రోజుల ఫ్రీక్వెన్సీలకి తీగ పొడవు లెక్కలోకి రాదు. అందుకే నెట్‌లిస్ట్‌లో (ఏది దేనికి కలిసిందో రాసిన జాబితాలో) ఒక నోడ్ అంటే ఒక నోడే, దానికి ఈ కొస ఆ కొస అంటూ ఉండవు. ట్రాన్సిస్టర్‌కి వాడే గమ్మెల్-పూన్ మోడల్ దానికి కూడా ముందుది, 1970లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చింది. అదీ సిలికాన్ లోపలి సంగతే చెబుతుంది, బయటి ప్లాస్టిక్ డొప్ప, కాళ్ల గురించి దానికి తెలియదు.

మనం ఆ ప్రోగ్రామ్‌ని తీసుకొచ్చి జానెడు బోర్డుకి వాడుతున్నాం. మామూలు ఎఫ్‌ఆర్4 బోర్డు మీద సిగ్నల్ నానోసెకనుకి సుమారు 15 సెంటీమీటర్లు నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే మన వైఫై దగ్గర, ఒక తరంగం పొడవు ఆరేడు సెంటీమీటర్లే. అందులో పదో వంతు దాటితే తీగని తీగలా కాకుండా ట్రాన్స్‌మిషన్ లైన్‌లా చూడాలని వాడుకలో ఉన్న లెక్క. పదో వంతు అంటే ఆరేడు మిల్లీమీటర్లు! ఒక చిప్ పక్కన ఇంకో చిప్ పెట్టేసరికే అది దాటిపోతాం. దానికి తోడు, రాగిలో కరెంట్ పైపైనే పారుతుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 65 మైక్రాన్ల లోతు, 1 గిగాహెర్ట్జ్‌కి వెళ్లేసరికి 2 మైక్రాన్లే. బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లయినా లాభం లేదు, మిగతాదంతా దండగ. స్పైస్‌లో మీరు పెట్టిన రెసిస్టర్ విలువ మాత్రం ఫ్రీక్వెన్సీతో మారకుండా అలాగే కూర్చుంటుంది.

డబ్బు సంగతికొస్తే, ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో బోర్డు లైన్లకి, వియాలకి (బోర్డు పొరల్ని కలిపే రంధ్రాలకి) మంచి మోడళ్లుంటాయి, లేఅవుట్‌ని తీసుకుని విద్యుదయస్కాంత లెక్క చేసే భాగం ఉంటుంది. ఆ పనులు కొంతవరకు క్యూక్స్, ఓపెన్ఈఎంఎస్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లతోనూ అవుతాయి, కాకపోతే ఓపిక కావాలి. మీ కాలేజీకి నా సలహా ఒకటే. లైసెన్సుల కోసం అర్జీలు పెట్టేముందు, పిల్లల చేత ఒక రెసిస్టర్‌ని కొలిపించండి. కాళ్లున్న 100 కిలో ఓం రెసిస్టర్‌కి ఆ చివరా ఈ చివరా కలిపి 0.2 పికోఫారడ్ దాకా ఉంటుంది. లక్ష ఓమ్‌ల రెసిస్టర్ 100 మెగాహెర్ట్జ్ దగ్గర 8 వేల ఓమ్‌ల కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంటే కళ్లారా చూసిన పిల్లవాడు దాన్ని జన్మలో మర్చిపోడు.

ప్రశ్న: ఫోటోడయోడ్ యాంప్లిఫయర్. ఆప్‌యాంప్ గెయిన్-బ్యాండ్‌విడ్త్ 1 గిగాహెర్ట్జ్, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 100 కిలో ఓం, ఇన్‌పుట్ దగ్గర మొత్తం 10 పికోఫారడ్. స్థిరత్వం కోసం 0.1 పికోఫారడ్ ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ పెట్టాను. కంపెనీ మోడల్‌తో సిమ్యులేషన్ 12 మెగాహెర్ట్జ్ పైనే చూపిస్తోంది, బోర్డు మీద 5 దాటట్లేదు. మోడల్ ఇచ్చిన కంపెనీకి రాద్దామా?
(హార్డ్‌వేర్ ఇంజనీర్, హైదరాబాద్)

జవాబు: రాయకండి, పరువు పోతుంది! 100 కిలో ఓమ్‌లతో 5 మెగాహెర్ట్జ్ రావాలంటే పక్కన ఎంత కెపాసిటెన్స్ ఉండాలో లెక్కేయండి. సుమారు 0.3 పికోఫారడ్ వస్తుంది. మీరు పెట్టింది 0.1. మిగతా 0.2 ఎక్కడిదంటారా, రెసిస్టర్ ఒంటిది, దాని ప్యాడ్‌లది, మీరు అదనంగా పెట్టిన కెపాసిటర్ ప్యాడ్‌లది. 0.1 పికోఫారడ్ కెపాసిటర్‌ని కూర్చోబెట్టడానికి వేసిన రాగి ప్యాడ్‌లే 0.1 పికోఫారడ్ తెచ్చాయంటే నవ్వొస్తుంది కానీ నిజం.

ఆ కెపాసిటర్ తీసి పక్కన పడేయండి, కుదిరితే ప్యాడ్‌లు కూడా గీకేయండి. లేఅవుట్ ఇచ్చిన 0.1, 0.2 పికోఫారడ్‌లే స్థిరత్వానికి సరిపోతాయి, మీ అంకెలతో కావాల్సింది దాదాపు 0.13. ఇంకా వేగం కావాలంటే 100 కిలో ఓమ్‌ల బదులు రెండు 50 కిలో ఓమ్‌లు వరసలో పెట్టండి, వాటి సొంత కెపాసిటెన్స్‌లు కూడా వరసలో పడి సగమవుతాయి. ఆప్‌యాంప్ ఇన్‌పుట్ పిన్ కింద గ్రౌండ్ ప్లేన్‌ని కత్తిరించండి.

మీ మోడల్ గురించి ఒక మాట, ఈ కేసులో అది నిర్దోషి అయినా. ఆప్‌యాంప్‌లకి ఇచ్చేవి చాలావరకు మాక్రోమోడళ్లు. లోపలి ట్రాన్సిస్టర్లన్నీ ఉండవు, బయటి ప్రవర్తనని అనుకరించే సోర్సులు, నాలుగు రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంటాయి. 1974లో బోయిల్, మరో ముగ్గురు కలిసి రాసిన మోడల్ ఈ దారికి మొదలు. కాబట్టి తయారుచేసినవాళ్లు ఏది అనుకరించాలనుకున్నారో అది మాత్రమే అందులో ఉంటుంది. ఫైల్ పైన కామెంట్లలో ఏమేం మోడల్ చేశామో, ఏమేం చేయలేదో రాస్తారు, అది చదివేవాణ్ణి మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

ప్రశ్న: నాది అందరికీ రివర్స్. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ బోర్డు మీద పవర్ ఇవ్వగానే మొదలవుతుంది. సిమ్యులేషన్‌లో ఎంతసేపు చూసినా గీత గీతలాగే ఉంటుంది.
(హాబీయిస్ట్, గుంటూరు)

జవాబు: మీ సిమ్యులేటర్‌కి దోమ కుట్టదు, అదే ఇబ్బంది. నిజం సర్క్యూట్‌లో నాయిస్ ఎప్పుడూ ఉంటుంది, అందులోంచి క్రిస్టల్ తనకి కావాల్సిన ముక్క ఏరుకుని పెంచుకుంటూ పోతుంది. మామూలు ట్రాన్సియెంట్ సిమ్యులేషన్‌లో నాయిస్ లేదు. ముందుగా డీసీ స్థితి కనుక్కుని, ఆ బిందువు మీద సూదిమొన మీద గోళీలా కదలకుండా కూర్చుంటుంది. సప్లైని సున్నా నుంచి మైక్రోసెకనులో పైకెత్తండి, లేదా క్రిస్టల్ లోపలి ఇండక్టర్‌కి చిన్న ఆరంభ కరెంట్ ఇవ్వండి.

అయినా వెంటనే కనబడదు. క్రిస్టల్ క్యూ (నష్టం ఎంత తక్కువో చెప్పే అంకె) 50 వేలు అనుకుంటే, దాని స్పందన సమయం క్యూని π (పై)తో, ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వస్తుంది, సుమారు 1 మిల్లీసెకను. అంటే 16 వేల సైకిళ్లు. పూర్తిగా పెరగడానికి అలాంటివి ఎన్నో కావాలి. బోర్డు మీద పది మిల్లీసెకన్లు మీ కంటికి 'వెంటనే', సిమ్యులేటర్‌కి అదే లక్షా అరవై వేల సైకిళ్లు. ఒక్కో సైకిల్‌కి 50 అడుగులు వేయించాలంటే స్టెప్ 1.25 నానోసెకన్లు, మొత్తం 80 లక్షల అడుగులు. రన్ కొట్టి భోజనానికి వెళ్లండి.

ఇంకొక చాటుమాటు సంగతి. ఇంటిగ్రేషన్ పద్ధతి గియర్ అని పెట్టి ఉంటే ట్రాపిజాయిడల్‌కి మార్చండి. గియర్ పద్ధతి లెక్కలోనే కాస్త బ్రేకు వేస్తుంది, సర్క్యూట్‌లో లేని నష్టాన్ని కలుపుతుంది. స్టెప్ పెద్దదైతే ఆ దొంగ నష్టం క్రిస్టల్ అసలు నష్టాన్ని మించిపోతుంది, బతకాల్సిన ఆసిలేషన్ చచ్చిపోతుంది. హై-క్యూ సర్క్యూట్లలో మోడల్ ఎంత మంచిదైనా లెక్కకట్టే పద్ధతి కొంప ముంచొచ్చు.

ప్రశ్న: స్కోప్‌లో ప్రతి ఎడ్జ్ మీదా 120 మెగాహెర్ట్జ్ దగ్గర రింగింగ్. సిమ్యులేషన్‌లో లేదు. దేన్ని నమ్మాలి?
(కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ ప్రోబ్‌కి నల్ల మొసలి క్లిప్పుతో జానెడు గ్రౌండ్ వైరు వేలాడుతోందా? అయితే సిమ్యులేషన్‌నే నమ్మండి. 15 సెంటీమీటర్ల వైరు 150 నానోహెన్రీలు, 10ఎక్స్ ప్రోబ్ కొన 12 పికోఫారడ్‌లు. రెండూ కలిసి 118 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతాయి.

నా ఉద్యోగం కొత్తలో ఇదే రింగింగ్‌ని చంపడానికి పది రోజులు తగలేశాను. రెసిస్టర్లు మార్చాను, ఫెరైట్ పూసలు గుచ్చాను, ఒక దశలో బోర్డు మళ్లీ చేయించమని పైవాళ్లకి నోట్ కూడా పెట్టాను. ల్యాబ్‌లో ఉండే పెద్ద టెక్నీషియన్ ఒకాయన వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆ క్లిప్పు పీకేసి, ప్రోబ్ మెడకి ఒక చిన్న స్ప్రింగ్ తొడిగి, దాని కొస పక్కనే ఉన్న గ్రౌండ్ ప్యాడ్ మీద ఆనించాడు. రింగింగ్ లేదు. "టీకి పోదాం బాబూ" అన్నాడంతే. ఆ నోట్ వెనక్కి తీసుకోవడానికి నేను పడ్డ సిగ్గు నాకే తెలుసు.

ఇంకోటి, ఆ 12 పికోఫారడ్‌లు 100 మెగాహెర్ట్జ్ దగ్గర 130 ఓమ్‌ల లోడ్. సిమ్యులేషన్‌తో పోల్చాలంటే సిమ్యులేషన్‌లోనూ ఆ ప్రోబ్‌ని గీయండి. 1ఎక్స్‌లో పెట్టి కొలిచేవాళ్లతో నాకు మాటల్లేవు.

ప్రశ్న: బీఎఫ్ఆర్93ఏ ట్రాన్సిస్టర్‌కి కంపెనీ ఇచ్చే ఎస్2పీ ఫైల్ (ఫ్రీక్వెన్సీ వారీగా ఎస్-పారామీటర్ల పట్టిక) కొలిచి తీసిన డేటానే కదా. మోడల్ మానేసి ఎప్పుడూ అదే వాడితే కచ్చితత్వం గ్యారంటీ అనుకోవచ్చా?
(ఎంటెక్ విద్యార్థిని, వరంగల్)

జవాబు: ఎస్2పీ ఫైల్ ఫోటో లాంటిది. ఆ ఒక్క వోల్టేజీ, ఆ ఒక్క కరెంట్ దగ్గర ఎలా ఉందో అచ్చంగా చూపిస్తుంది, ప్యాకేజ్ కూడా అందులో కలిసే ఉంటుంది. మీరు 8 వోల్ట్‌లు, 30 మిల్లీయాంప్ ఫైల్ తీసుకుని సర్క్యూట్‌ని 5 మిల్లీయాంప్‌లో నడిపితే మీ ఫోటో వేరే మనిషిది. చిన్న సిగ్నల్‌కే పనికొస్తుంది, డిస్టార్షన్, కంప్రెషన్, ఆసిలేటర్ ఎంత ఎత్తుకి పెరుగుతుంది, ఇవేవీ అడగకూడదు.

అసలు దెబ్బ తగిలేది ఫైల్ అంచుల దగ్గర. ఫైల్ ఎక్కడ మొదలైందో చూడండి. 40 మెగాహెర్ట్జ్‌లో మొదలైందనుకోండి, అంతకు కింద మీరు అడిగితే సిమ్యులేటర్ తోచింది గీసేస్తుంది. 6 గిగాహెర్ట్జ్ ఎఫ్‌టీ (కరెంట్ గెయిన్ ఒకటికి పడిపోయే ఫ్రీక్వెన్సీ) ఉన్న ట్రాన్సిస్టర్‌కి 20 మెగాహెర్ట్జ్ దగ్గర గెయిన్ పొంగిపొర్లుతుంటుంది. మీరు 900 మెగాహెర్ట్జ్ యాంప్లిఫయర్ అనుకుంటుంటే, అది బయాస్ చోక్‌తో కలిసి అక్కడెక్కడో కింద ఆసిలేట్ అవుతుంది, మీ స్థిరత్వం గ్రాఫ్‌లో ఆ ప్రాంతమే ఉండదు. అందుకే రెండూ కావాలి. పని చేసే బ్యాండ్‌లో గెయిన్, మ్యాచింగ్ ఎస్2పీతో చూడండి, బయాస్, కింది ఫ్రీక్వెన్సీల స్థిరత్వం, డిస్టార్షన్ స్పైస్ మోడల్‌తో చూడండి, ఒకే బయాస్ దగ్గర రెండు గ్రాఫ్‌లు ఒకదాని మీద ఒకటి వేసి ఎక్కడ విడిపోతున్నాయో గుర్తు పెట్టుకోండి. పోర్టు ఎక్కడ ముగిసింది, ట్రాన్సిస్టర్ కాలి కొసలోనా మధ్యలోనా అన్నది కూడా డేటాషీట్‌లో వెతకండి, 1 మిల్లీమీటర్ తేడా 2 గిగాహెర్ట్జ్ దగ్గర ఫేజ్‌లో కనబడుతుంది.

ప్రశ్న: చిప్ డిజైన్‌లో ఉన్నాను. ఫౌండ్రీ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ) ఇచ్చే మోడళ్లకి కూడా ఈ ఇబ్బందులుంటాయా?
(బెంగళూరులో ఉంటున్న కడప పాఠకుడు)

జవాబు: ఉంటాయి, చోటు మారుతుందంతే. చిప్‌లలోని మాస్ ట్రాన్సిస్టర్లకి వాడే మోడల్ బీసిమ్. పాత బీసిమ్3 కాలంలో గేట్ నిరోధం మోడల్‌లో లేదు, దాన్ని ఆర్‌ఎఫ్ వాళ్లు బయట నుంచి రెసిస్టర్‌గా తగిలించుకునేవాళ్లు. బీసిమ్4లో లోపలికి తెచ్చారు, కానీ అది ఒక స్విచ్, ఆన్ చేస్తేనే ఉంటుంది. అలాగే గేట్ వోల్టేజీ మారిన మరుక్షణం ఛానెల్‌లో ఛార్జ్ సర్దుకుంటుందన్న నమ్మకం మీద మామూలు మోడ్ నడుస్తుంది. పొడుగు ఛానెల్ ట్రాన్సిస్టర్‌ని దాని ఎఫ్‌టీ దరిదాపుల్లో నడిపితే ఆ నమ్మకం చెల్లదు. మోడల్ కార్డ్‌లో ఏ స్విచ్‌లు ఏ స్థితిలో ఉన్నాయో ఒకసారి చూసుకోండి, లేఅవుట్ ఎక్స్‌ట్రాక్షన్ ఎలాగూ మీవాళ్లు వదలరు.

ప్రశ్న: డౌన్‌లోడ్ చేసిన ట్రాన్సిస్టర్ మోడల్ హై ఫ్రీక్వెన్సీకి పనికొస్తుందో లేదో వాడకముందే తెలుసుకునే చిట్కా ఏదైనా ఉందా?
(పేరు, ఊరు రాయలేదు)

జవాబు: పది నిమిషాల పని. ట్రాన్సిస్టర్‌ని డేటాషీట్‌లో చెప్పిన బయాస్‌లో పెట్టండి, ఉదాహరణకి 2ఎన్3904కి కలెక్టర్ కరెంట్ 10 మిల్లీయాంప్, 20 వోల్ట్‌లు. బేస్‌లోకి ఏసీ కరెంట్ సోర్స్, కలెక్టర్‌ని ఏసీకి గ్రౌండ్ చేసి, కలెక్టర్ కరెంట్‌కీ బేస్ కరెంట్‌కీ నిష్పత్తి గీయండి. అది ఒకటికి పడిపోయే చోటు ఎఫ్‌టీ. డేటాషీట్ కనీసం 300 మెగాహెర్ట్జ్ అంటోంది, మీ మోడల్ 90 అన్నా 2 వేలు అన్నా ఆ ఫైల్ చెత్తబుట్టకి. తర్వాత 1, 5, 50 మిల్లీయాంప్‌ల దగ్గర కూడా చేసి, డేటాషీట్‌లో ఎఫ్‌టీ గ్రాఫ్ ఉంటే దానితో పోల్చండి. కరెంట్ బాగా పెరిగినప్పుడు నిజం ట్రాన్సిస్టర్ ఎఫ్‌టీ కిందికి దిగుతుంది, చాలా ఉచిత మోడళ్లు దిగవు. కలెక్టర్-బేస్ కెపాసిటెన్స్ కూడా అలాగే సరిచూడండి.

ఈ పరీక్షకి ఒక గుడ్డి మచ్చ ఉంది. బేస్‌లోకి కరెంట్ సోర్స్‌తో తోస్తున్నాం కాబట్టి బేస్ నిరోధం ఎంతున్నా ఆ కరెంట్ లోపలికి వెళ్లి తీరుతుంది. ఆర్‌బీ 1 అయినా 100 అయినా ఎఫ్‌టీ ఒకటే వస్తుంది. మొదటి ఉత్తరం రాసిన విజయనగరం కుర్రాడి మోడల్ కూడా ఇందులో ఫస్ట్ క్లాసులో పాసయ్యేదే. ఆర్‌బీని పట్టుకోవాలంటే 50 ఓమ్‌ల సోర్స్ పెట్టి ఇన్‌పుట్ ఇంపిడెన్స్‌ని ఫ్రీక్వెన్సీతో గీయండి. పైకి వెళ్లే కొద్దీ అది ఏదో ఒక నిరోధం దగ్గర ఆగాలి, ఆగకుండా సున్నా వైపు జారిపోతుంటే మోడల్ ఫైల్ తెరిచి ఆ ఒక్క లైన్ చూడండి.